ఎర్ర టాకా

కోట చూడడానికి వచ్చే జనం దిగే లాడ్జీల వెనక ఒక సందు ఉంది. సందు మొదట్లో టోపీలూ నల్లకళ్లద్దాలూ అమ్మే బడ్డీ, చివర్లో లాండ్రీ. లాండ్రీ ముందు గదిలో ఒక చెక్క బల్ల, దాని వెనక గోడ నిండా అరలు. వెనక గదిలో ఇస్త్రీ బల్ల. పెరట్లో ఉతికే బండలు, ఆరేసే తీగలు. ముందు గది పిన్నిది, వెనక గది బాబాయిది. సందులో వాళ్లకి వేరే పేర్లు లేవు. కడుపున ఒక్క కాయ కాయలేదు గానీ, పలక పట్టుకున్న పిల్లల దగ్గర్నుంచి కర్ర పట్టుకున్న పెద్దల దాకా అందరికీ ఆవిడ పిన్నే, ఆయన బాబాయే. తలపండిన ముసలాయన ఎవరైనా వచ్చి "పిన్నీ" అని పిలిస్తే, "అయితే మీ అమ్మ నాకు అక్కన్నమాట. ఆవిడే ఉంటే ఈపాటికి ఎన్నేళ్లుంటాయో చూసుకోండి, నన్నెంత ముసలిదాన్ని చేశారో తెలుస్తుంది" అని నవ్వేది.

ఉతికే బట్టలు ఒకరివి ఇంకొకరికి పోకుండా ప్రతి బట్టకీ ఒక గుర్తుండాలి. కొందరు సిరాతో గీస్తారు. సిరా మరక కొత్త బట్టని పాడుచేస్తుందని పిన్ని దారంతో టాకా వేసేది. కాలరు లోపలివైపు, మెడ తగిలే చోట, గోరంత టాకా. ఒక ఇంటికి అడ్డగీత, ఒక ఇంటికి నిలువుగీత, ఒకరికి ఇంటూ గుర్తు, ఒకరికి పక్కపక్కనే రెండు చుక్కలు. అందరికీ తెల్లదారమే. లాడ్జీల్లో దిగే పరదేశీయుల బట్టలకి మాత్రం ఎర్రదారం.

ఎర్రదారం ఉంటే రేటు మూడింతలు.

ఇది పిన్ని కనిపెట్టిన విద్య కాదు. ఆ సందులో అందరికీ రెండు నోళ్లున్నాయి, ఒకటి ఊరివాళ్లతో, రెండోది పరాయివాళ్లతో. టోపీల బడ్డీ నడిపే ఆవిడ పిన్నిని వదినా అంటుంది. లాండ్రీ పెట్టిన కొత్తలో బట్టలు తక్కువై, అద్దె కట్టడానికి కటకటగా ఉన్న రోజుల్లో ఆవిడే చెప్పింది. "విమానమెక్కి వచ్చినవాళ్లు వదినా. నువ్వు అడిగేది వాళ్లకి లెక్కలోకి కూడా రాదు. నువ్వు అడక్కపోతే పక్క సందువాడు అడుగుతాడు." పిన్ని మనసు ఒప్పుకోలేదు. కానీ అద్దె మనసునడిగి రాదు. నలుగురితో నారాయణా అనుకుని, ఓ రోజు ఒక పరదేశి కుర్రాడి చొక్కాలకి మూడింతలు అడిగింది. ఆ కుర్రాడు మారుమాట లేకుండా ఇచ్చి, నవ్వి, వెళ్లిపోయాడు. అతను తగువు పెట్టుకుని ఉంటే ఆ విద్య అక్కడితో ఆగిపోయేదేమో.

చిక్కల్లా బాబాయితోనే వచ్చింది. ఆయన ఎలాంటివాడంటే, ఒకసారి లాడ్జి గుమస్తా చొక్కా చేతి మీద కందిగింజంత చోట కాలింది. మడతలో పెడితే ఎవరికీ కనపడదు. ఆయన ఆ చొక్కా పట్టుకుని గుమస్తా దగ్గరికెళ్లి, వేలు పెట్టి చూపించి, కొత్త గుడ్డ కొని కుట్టించి ఇచ్చాడు. గుమస్తాయే సిగ్గుపడి, "బాబాయ్, నేను చూసుకునేవాణ్ణి కూడా కాదు" అన్నాడట. "నేను చూశాగా" అన్నాడట బాబాయి. అలాంటి మనిషికి ఎర్రదారం సంగతి చెప్పాలంటే పిన్నికి నోరు రాలేదు. ఎర్ర టాకా బట్టలు మొదటిసారి వెనక గదికి వెళ్లినప్పుడు, ఇవేమిటి రంగు మారిందని ఆయన అడిగాడు.

"అవి స్పెషలండీ. వాళ్లకి బాగా నీటుగా ఉండాలట, డబ్బు ఎక్కువిస్తారు" అంది పిన్ని.

అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట అది. ఆ మాటని బాబాయి వేదంలా పట్టుకున్నాడు. ఎర్ర టాకా కనిపిస్తే ఆ బట్టని ముందు లోపలివైపు తిప్పి ఇస్త్రీ చేసేవాడు. తర్వాత తడిగుడ్డ పరిచి పైవైపు. కాలరుని రెండు కొసల నుంచి మధ్యకి నొక్కుకుంటూ వచ్చేవాడు. గుండీల మధ్య సందుల్లో ఇస్త్రీపెట్టె ముక్కు పెట్టి, ముడత అన్నది లేకుండా తీసేవాడు. ఆఖరున అట్టముక్క పెట్టి మడిచి, దాని మీద అరచెయ్యి ఒక్క క్షణం ఆనించేవాడు, నిద్రపోతున్న పసిపిల్ల వీపు మీద పెట్టినట్టు. తెల్ల టాకా బట్టలకి అంత సమయం ఎక్కడిది. అటు రెండు తోపులు, ఇటు రెండు తోపులు. "ఎక్కువ ఇచ్చేవాళ్లకి ఎక్కువ చెయ్యకపోతే దేవుడు ఊరుకోడు" అనేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా పిన్నికి ఒక పక్క ఊరట, ఒక పక్క ములుకు. ఎక్కువ పని చేస్తున్నాం కాబట్టే ఎక్కువ తీసుకుంటున్నామని తనకి తాను చెప్పుకునేది. తను ఆడిన అబద్ధాన్ని ఆయన చెమటోడ్చి నిజం చేస్తున్నాడు కదా అనుకునేది. అయినా సాయంత్రం దేవుడి పటం ముందు కళ్లు మూసుకుంటే ఎక్కువసేపు కూర్చోలేకపోయేది. షావుకారుకి బాకీపడ్డవాడు ఆయన అరుగు దాటేటప్పుడు నడక పెంచినట్టు, నాలుగు మాటలు గబగబా అనేసి లేచిపోయేది. తెలిస్తే ఆయన తిట్టడు, కొట్టడు, అది ఆవిడకి తెలుసు. ఇన్నేళ్లుగా తను చెప్పిందే నిజమనుకుంటున్న మనిషి, ఇక మీదట తను చెప్పే ప్రతి మాటా ఒకసారి తిప్పి చూసుకుంటాడు. ఆ ఒక్కటే ఆవిడ భయం.

ఇలా ఉండగా పిన్ని అక్కగారికి కంటి ఆపరేషన్ అయింది. చూసి రావడానికి పిన్ని ఊరెళ్లింది. ఒక రాత్రి అక్కడే ఉండి మర్నాడు వచ్చేసరికి బాబాయి ముందు గదిలో బల్ల వెనక కూర్చుని, పెళ్లివారింటి పెద్దలా వెలిగిపోతున్నాడు.

ఏమిటి విశేషమంటే, నిన్న మన లాడ్జి తాత స్పెషల్ చేయించుకున్నాడన్నాడు.

లాడ్జి తాత అంటే ఎదుటి లాడ్జిలో గదులు ఊడ్చే ముసలాయన. తన బట్టలు తనే లాడ్జి వెనక కుళాయి దగ్గర జాడించుకుని కట్టుకుంటాడు, లాండ్రీ గడప ఎక్కడు. కానీ పిన్నివాళ్లకి ఆయన చేసినంత సాయం సొంతవాళ్లు కూడా చెయ్యలేదు. వాన చినుకు పడితే చాలు, చేతిలో చీపురు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చి పెరట్లో తీగల మీది బట్టలు లాగి లోపల పడేసేవాడు. తర్వాత ఆ మాటే ఎత్తేవాడు కాదు. భార్య పెద్దాసుపత్రిలో పడి చాన్నాళ్లయింది. నిన్న ఆవిణ్ణి ఇంటికి పంపిస్తామన్నారట. లాడ్జిలో దిగిన ఒక పరదేశి వెళ్తూ వెళ్తూ తాతకి ఒక చొక్కా ఇచ్చి వెళ్లాడట. ఆ చొక్కా వేసుకుని భార్యని తీసుకురావాలని తాత ముచ్చటపడ్డాడు.

"పెట్టెలో ఉండి నలిగిపోయింది బాబాయ్, కాస్త ఇస్త్రీ తోపు తోస్తావా అన్నాడు" అని చెప్పుకొస్తున్నాడు బాబాయి. "కాలరు తిప్పి చూస్తే నీ ఎర్ర టాకా. తాతా, ఇది స్పెషల్ చొక్కా, స్పెషల్‌గానే చెయ్యాలి అన్నాను. రేటు చెప్తే ఒక్క నిమిషం ఆగాడు. ఆగి, సరే కానీ, ఇన్నాళ్లకి ఇంటికొస్తోంది కదా అన్నాడు. చేశానే, అలా ఇలా కాదు. అద్దంలో చూసుకుని నవ్వుకున్నాడు పాపం. మనవాళ్లు కూడా స్పెషల్ అడిగే రోజు వచ్చిందంటే నాకు ఎంత తృప్తిగా ఉందో."

పిన్ని చేతిసంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడింది. ఆ టాకా తను వేసిందే. చొక్కా ఇచ్చినవాడు దాన్ని విప్పుకోలేదు, ఎవరు విప్పుకుంటారు గనక. ధర మనిషిని వదిలేసి చొక్కాని పట్టుకుంది. పట్టుకుని, చీపురు పట్టే ముసలివాడి జేబులో చెయ్యి పెట్టింది.

మొహం కడుక్కోకుండానే బయల్దేరింది. ఎక్కడికని బాబాయి అడిగితే, తాత భార్యని చూసొస్తానంది. అదీ నిజమే. కానీ మూడోవంతు నిజం.

తాత ఇల్లు రెండు గదులు. మొదటి గదిలో మంచం మీద ఆయన భార్య పడుకుని ఉంది, పక్కనే స్టూలు మీద మందు సీసాలు, ఒక గ్లాసు మీద మూతగా సాసరు. చొక్కా గోడకి హేంగరు మీద ఉంది, నిన్నటి మడత గీతలు ఇంకా చెరగలేదు. పిన్నిని చూడగానే తాత కుర్చీ తుడిచి వేశాడు. ముసలమ్మకి మాట నీరసంగా ఉన్నా నాలుక నీరసపడలేదు.

"వచ్చావా పిన్నీ, చూడు నీ మొగుడు చేసిన నిర్వాకం" అంది. "నన్ను తీసుకెళ్లడానికి ఎవరో పెళ్లికొడుకొచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. నర్సమ్మని అడిగాను, ఈయనెవరమ్మా అని. ఆటోలో తీసుకొస్తానన్న మనిషి, ఆటో డబ్బులు చొక్కాకి పెట్టేసి బస్సు కోసం ఎండలో నిలబెట్టాడు. పెళ్లికొడుకుతో వస్తున్నానని నేనూ ఊరుకున్నాను."

ఆవిడ నవ్వింది, తాత నవ్వాడు. పిన్నికి మాత్రం ఆ ఎండ వచ్చి నెత్తిన పడింది. ఆసుపత్రి మంచం దిగిన మనిషి, కాళ్లు ఆనని మనిషి, బస్సు కోసం ఎండలో. కొంగున కట్టుకొచ్చిన డబ్బు విప్పి తాత చేతిలో పెట్టింది. పొరపాటు జరిగిందనీ, పాత టాకా చూసి మా ఆయన ఎక్కువ అడిగాడనీ, ఆయనకి తెలియదనీ చెప్పింది. చెప్పి, చొక్కా కాలరు తిప్పి, ఎర్రదారం పంటితో తెంపి లాగేసింది.

తాత డబ్బు కళ్లకద్దుకున్నాడు. ముసలమ్మకి మాత్రం సంగతి పూర్తిగా అర్థం కాలేదు. అర్థం కానిది అడిగి తెలుసుకోవడం ఆవిడ పద్ధతి.

"ఎర్రదారమైతే ఏమిటమ్మా?"

"పరదేశం వాళ్ల బట్టలకి అది వేస్తాం పెద్దమ్మా. వాళ్లకి రేటు వేరు."

"ఎందుకు వేరు? వాళ్ల చెమటకి సబ్బు ఎక్కువ పడుతుందా?"

వెటకారం కాదు. చంటిపిల్ల అడిగినట్టు అడిగింది. పిన్నికి టోపీల ఆవిడ చెప్పిన జవాబులన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ ఆ మంచం దగ్గర పైకి తీయదగ్గదిగా లేదు. మనల్ని దేవుడు ఉరుముల్లోంచి మందలించడు, ఇలా మంచం మీద ఒక ముసలమ్మని పడుకోబెట్టి ఆవిడ చేత అడిగిస్తాడు.

తాత లాడ్జిలో పనిచేసే మనిషి, ఆయనకి తెలియని రేట్లుంటాయా. తల తిప్పుకుని, "ఊరుకోవే, ఆ అమ్మాయి ఇబ్బంది పడుతోంది" అన్నాడు. తర్వాత పిన్నిని సాగనంపుతూ గుమ్మం దాకా వచ్చి, "ఊరి నుంచి వస్తూనే పరుగెత్తుకొచ్చావు తల్లీ. ఈ రోజుల్లో ఎవరొస్తారు తిరిగివ్వడానికి. నీలాంటి నిజాయితీగల మనిషిని దేవుడు చల్లగా చూడాలి" అన్నాడు.

చెంపమీద కొట్టినా అంత చుర్రుమనేది కాదు. ఇంటికి నడుస్తుంటే ఆ దీవెన చెప్పులో రాయిలా అడుగడుక్కీ గుచ్చుకుంది. తాత దగ్గర ఎక్కువ తీసుకోవడం తప్పని తెలియగానే కాళ్లు ఆగకుండా వచ్చింది తను. అదే చొక్కాకి, దాని అసలు మనిషి దగ్గర అంతే తీసుకున్న రోజున హాయిగా నిద్రపోయింది. ఉతికిన నీళ్లు అవే, బండ అదే, ఆయన చేతులు అవే. ఇన్నేళ్లలో ఎన్ని కాలర్ల కింద ఆ ఎర్ర టాకాలు వేసిందో. అవన్నీ సముద్రాలు దాటి ఏ ఏ ఊళ్లలో ఏ ఏ అలమరల్లో ఉన్నాయో. ఎవరెవరి మెడ వెనకో, వాళ్లకి తెలియకుండా, తన చేతి కుట్టు. వాటిని వెనక్కి పిలిచి విప్పే దారి లేదు.

ఆ రాత్రి బాబాయి స్పెషల్ కబుర్లే చెప్తూ నిద్రలోకి జారుకున్నాడు. పిన్ని తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున్న ముందు గదిలో అరలో ఎర్ర టాకా మూట ఒకటి ఎదురుచూస్తోంది. ఒక పరదేశి అమ్మాయిది. మొగుణ్ణీ చిన్న కూతుర్నీ తీసుకుని కోట చూడడానికొచ్చింది. మొగుడికి జ్వరం తగిలి లాడ్జి గదిలో పడ్డాడు. రెండు రోజులనుకున్నది వారాల్లోకి సాగింది. ఆమె రోజు విడిచి రోజు వస్తుంది. తలుపు తీసే ఉన్నా గడప మీద వేలితో తట్టి లోపలికొస్తుంది. మాసిన బట్టలు కూడా మడతపెట్టి తెస్తుంది. పిన్నికి అది చూస్తే విచిత్రంగా ఉండేది. ఎలాగూ విప్పి బండకేసి కొట్టే బట్టలకి మడతెందుకు. ఇప్పుడనిపించింది, ఎదుటివాళ్ల చేతికి ఏదిచ్చినా పద్ధతిగా ఇవ్వాలని ఆమెకి ఎవరో తల్లి నేర్పి ఉంటుందని.

పిన్ని సూది తీసుకుని కూర్చుంది. మొదట చేతికొచ్చింది ఆ పాప గౌను. జానెడు గౌనుకి కూడా తను ఎర్ర టాకా వేసింది. సూదిమొనతో దారం లేపి లాగింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఎర్ర దారప్పోగులు బల్ల మీద చిన్న కుప్ప పడ్డాయి.

నీళ్ల గిన్నె పట్టుకుని ఇస్త్రీకి బట్టలు తీసుకెళ్లడానికొచ్చిన బాబాయి అది చూశాడు.

"అదేమిటే, స్పెషల్ తీసేస్తున్నావ్? నేనింకా చెయ్యనేలేదు."

పిన్ని తలెత్తలేదు. ఏదో ఒకటి చెప్పి ఆయన్ని పంపెయ్యడానికి క్షణం పట్టదు. పాత మాట ఎంత తేలిగ్గా నోటికొచ్చిందో కొత్తది కూడా అంత తేలిగ్గానే నాలుక చివరకొచ్చింది. దాన్ని మింగింది.

"ఎర్రది స్పెషల్ కాదండీ."

"మరి?"

"పరదేశం వాళ్లవని గుర్తు, అంతే. వాళ్లు నీటుగా కావాలని ఎప్పుడూ అడగలేదు. వాళ్ల దగ్గర మూడింతలు తీసుకోవడానికి నేను వేసుకున్న గుర్తు. నిజం చెప్తే మీరు ఒప్పుకోరని స్పెషల్ అని చెప్పాను."

బాబాయి గిన్నె బల్ల మీద పెట్టాడు. తర్వాత, "మొదట్నుంచీనా?" అన్నాడు. ఆవిడ మొదట్నుంచీ అంది. ఆయన వెనక గదిలోకెళ్లాడు. ఇస్త్రీపెట్టె చప్పుడు కోసం పిన్ని చెవి ఒగ్గి కూర్చుంది. చప్పుడు రాలేదు. తిట్టినా బాగుండు, గిన్నె విసిరేసినా బాగుండు అనిపించింది. ఆయన ఏదీ విసిరేసే మనిషి కాదు, అందుకే అంత బరువు.

చాలాసేపటికి ఆయన తిరిగొచ్చాడు. చేతిలో తెల్ల టాకా చొక్కా, టోపీల ఆవిడ మొగుడిది. బల్ల మీద పరిచి చంక కింది భాగం చూపించాడు. అక్కడ గుడ్డ ముడతలు పడి ఉంది.

"ఇది నిన్న నేను చేసింది" అన్నాడు. "ఎర్రది కాదు కదా అని ఇలా వదిలేశాను. నీ మాట నమ్మి మనవాళ్లందరికీ ఇలాగే చేశాను ఇన్నేళ్లూ. వీళ్లిచ్చింది డబ్బు కాదా? నువ్వు పరదేశం వాళ్ల దగ్గర ఎక్కువ తీసుకున్నావు. నేను వీళ్లకి తక్కువ చేశాను. ఇద్దరం కలిసి ఒక్కణ్ణీ వదల్లేదు."

ఈ వైపు నుంచి పిన్ని ఎన్నడూ ఆలోచించలేదు. తన తప్పు పరదేశీయుల దగ్గరే ఆగిందనుకుంది. అది గోడ దాటి వెనక గదిలోకెళ్లి, కందిగింజంత మచ్చ దాచలేని మనిషి చేతులతో కూడా తప్పుపని చేయించిందని ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. ముడతల చొక్కా పట్టుకుని మళ్లీ చెయ్యడానికి లోపలికెళ్లాడు.

సాయంత్రం గడప మీద వేలితో తట్టిన చప్పుడైంది. పరదేశి అమ్మాయి కొత్తగా మాసిన బట్టల మడతలు చంకలో పెట్టుకుని, పాపని వేలికి తగిలించుకుని వచ్చింది. పిన్ని ఉతికిన బట్టలిచ్చింది. ఆమె అలవాటు చొప్పున డబ్బు తీస్తే, అందులోంచి ఊరివాళ్ల రేటు మాత్రం తీసుకుని మిగతాది వెనక్కి తోసింది. పొద్దుటి నుంచీ విడిగా కట్టి ఉంచిన డబ్బు కూడా, అంతకుముందు ఆమె దగ్గర ఎక్కువ తీసుకున్నదంతా, తీసి బల్ల మీద ఆమెవైపు జరిపింది. చేతులతో చెప్పింది, నీదే, నీదే అని.

ఆ అమ్మాయి డబ్బువైపు చూసింది. పిన్ని మొహం చూసింది. ఆమె మొహం పాలిపోయింది. చంకలో ఉన్న మాసిన బట్టలు గట్టిగా హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఏదో అంది. తర్వాత పాప చెయ్యి పట్టుకుని గడపవైపు తిరిగింది.

పిన్నికి మొదట అర్థం కాలేదు. తర్వాత తట్టింది. జ్వరం మనిషి ఉన్న గదని లాడ్జిలో పనివాళ్లు ఆ తలుపు దగ్గరికి వెళ్లడానికి జంకుతున్నారని తాత ఒకసారి చెప్పాడు. లాండ్రీ కూడా ఇక ఆ బట్టలు ముట్టనంటోందని, లెక్క తేల్చి పంపేస్తోందని ఆమె అనుకుంది. కాదని చెప్పడానికి పిన్ని దగ్గర మాటల్లేవు. ఇంతకాలం ఎక్కువ అడగడానికి వేళ్లు చూపిస్తే సరిపోయింది. ఎక్కువ తీసుకున్నానని చెప్పడానికి వేళ్లు చాలలేదు.

అంతలో వెనక గదిలోంచి బాబాయి వచ్చాడు. ఆ వేళ ఆయన పిన్నితో మాటాడడం లేదు. నేరుగా ఆ అమ్మాయి దగ్గరికెళ్లి, రెండు చేతులూ చాచాడు. ఆమె ఒక క్షణం తటపటాయించి బట్టలిచ్చింది. ఆయన ఆ మాసిన బట్టల్ని, జ్వరం మనిషి దుప్పటి పైనే ఉన్నా, గుండెలకి ఆనించుకుని తెచ్చి, పిన్ని కూర్చునే చోటికి దగ్గరగా ఉన్న అరలో పెట్టాడు. తర్వాత బల్ల మీది డబ్బు తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లు. చెయ్యి గుండె మీద పెట్టుకుని ఇద్దరికీ తలొంచింది. పాప చేత కూడా తలొంచేట్టు చేసింది. భర్త జబ్బు మనిషని జాలిపడి సాయం చేస్తున్నారనుకుందో ఏమో. ఆ డబ్బు తనదేనని ఆమెకి ఎవరు చెప్పగలరు. రెండు రోజుల్లో రెండోసారి పిన్నికి చెందని మన్నన పిన్నికి అందింది. దాన్ని వద్దనే భాష లేదు, దాచుకునే చోటూ లేదు. ఆవిడ కూడా తలొంచింది. ఆ వంచడం దేనికో దేవుడికి తెలుసు.

తర్వాత సంగతులు నెమ్మదిగా జరిగాయి. అందరికీ ఒకటే రేటు, అందరికీ తెల్లదారమే అయింది. ఒక్కో బట్టకీ బాబాయి చూపే శ్రద్ధ వల్ల మూటలు తొందరగా తెమిలేవి కావు. తన మొగుడి చొక్కా అంత బాగా వచ్చిందని టోపీల ఆవిడ ముచ్చటపడుతూనే, "పుణ్యం నువ్వు చేసుకో వదినా, మా రేట్లు ఎందుకు చెడగొడతావ్" అని మూతి ముడిచింది. ఒక లాడ్జివాళ్లు పరదేశీయుల బట్టలు పంపినందుకు తాము తీసుకునే వాటా తగ్గిందని బట్టలు పక్క సందుకి పంపడం మొదలుపెట్టారు. పిన్ని గాజులు రెండు తీసి అమ్మి అద్దె కట్టింది. దానికి ఆవిడ బాధపడలేదు, బహుశా కాస్త తేలికపడింది కూడా.

కానీ బాబాయి మాట తగ్గించేశాడు. కోపం కాదది. ఆవిడేదైనా చెప్తే ఊ అనే ముందు కొంచెం ఆగేవాడు. ఒకప్పుడు ఆ ఆగడం ఉండేది కాదు. పిన్ని భయపడ్డది సరిగ్గా ఆ కొంచేనికే.

ఒక రోజు పొద్దున్నే ఆయన వచ్చి ముందు గదిలో బల్ల వెనక కూర్చున్నాడు.

"ఇవాళ్టి నుంచి నేనిక్కడ కూర్చుంటా. నువ్వు ఇస్త్రీ చెయ్యి."

"నాకు మీలా రాదండీ."

"వస్తుంది. నేను చెప్తా."

పిన్ని వెనక గదిలోకెళ్లింది. అంతకాలం ఆ గదిలోకి కాఫీ ఇవ్వడానికి తప్ప వెళ్లింది లేదు. ఆయన నిలబడే చోట నేల నున్నగా అరిగి, రెండు పాదాలకీ పల్లం పడి ఉంది. అందులో తన పాదాలు పెట్టి నిలబడింది. ఇస్త్రీపెట్టె అనుకున్నదానికంటే బరువుంది. ఆవిరి మొహాన కొట్టింది, బొటనవేలు అప్పుడే చుర్రుమంది. ఇంత వేడిలో, ఇంత బరువుతో, తను చెప్పిన ఒక్క అబద్ధం కోసం ఆయన లోపలివైపూ పైవైపూ తిప్పితిప్పి చేశాడు, ఎండల్లో కూడా.

మూటలోంచి ఒక చొక్కా తీసి పరిచింది. చెయ్యి తన ప్రమేయం లేకుండానే కాలరు దగ్గరికెళ్లి, లోపలివైపు తిప్పి చూడబోయింది.

"ఎవరిదండీ ఇది?" అని కేకేసింది.

ముందు గదిలోంచి జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది.

"తెలిస్తే ఏం చేస్తావ్?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగాడు. పిన్ని కాలరు మీంచి వేలు తీసేసింది. నీళ్లు చిలకరించి, చొక్కాని లోపలివైపుకి తిప్పి, కొసల నుంచి మధ్యకి నొక్కడం మొదలుపెట్టింది. మొదటిసారి వంకర పోయింది. మళ్లీ తడిపింది.